గోడ మీద లేని పటం

శంషాబాద్ పాత ఊళ్ళో ఎవరింట్లోనైనా గోడ చెమ్మెక్కిందని తెలిస్తే చాలు, రెండు సలహాలు ఇంటికి నడిచొస్తాయి. ఒకటి, వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. రెండు, ఆ డబ్బులు దండగ, పడగొట్టి బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చెయ్యండి. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారాక, ఈ ప్రాంతంలో నేల ధర ముందు ఇంటి ధర ఒక లెక్కలోకి రాకుండా పోయింది. గజాల్లో ఆలోచించే కంటికి పాతిల్లు ఖాళీ చేయించాల్సిన స్థలంలా కనిపిస్తుంది. వేరే చోట ప్లంబర్‌తో తేలిపోయే పైపు లీకేజీ, ఇక్కడ ఇల్లు ఉండాలా పోవాలా అన్న పంచాయితీ దాకా వెళ్తుంది.

మా కుటుంబంలోనూ వెళ్ళింది. ఆ సంగతి చెప్తాను. కానీ దానికంటే ముందు ఒక పాత వరద గురించి చెప్పుకోవాలి. నీళ్ళు పాడుచేసిన దాన్ని బాగుచేసే పని ఎక్కడ మొదలవ్వాలో హైదరాబాద్ నగరం ఒకసారి చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. 15,000 మంది దాకా చనిపోయారని అంచనా. నది ఒడ్డున ఉన్న బస్తీలకు బస్తీలే కొట్టుకుపోయాయి. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన నది ఒడ్డున గోడలు లేపడంతో సరిపెట్టలేదు. నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, ఏ వాగుల్లోంచి వస్తున్నాయి అని వెనక్కి వెనక్కి వెళ్ళి, నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని చెప్పాడు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. నీళ్ళు కనిపించిన చోట కాకుండా, నీళ్ళు బయల్దేరిన చోట మరమ్మతు చేశారన్నమాట.

అదే కాలంలో ఇంకో పని జరిగింది. దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. లియొనార్డ్ మన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 1912 నుంచి 1915 మధ్య నగరాన్ని ఇల్లిల్లూ, గల్లీ గల్లీ కొలిచి పటాలు గీశారు. ఇవాళ చరిత్రకారులు, వారసత్వ కట్టడాల మీద పనిచేసే ఆర్కిటెక్టులు వాటిని ‘మన్ మ్యాప్స్’ అంటారు. నగరాన్ని మళ్ళీ కట్టుకోవాలంటే, మురుగుకాలువలు వెయ్యాలంటే, ముందు ఏది ఎక్కడుందో తెలియాలి కదా. వరద, కొలత, పటం, తర్వాతే మరమ్మతు. ఆ వరస గుర్తుపెట్టుకోండి.

హిమాయత్ సాగర్ శంషాబాద్‌కి పొరుగునే ఉంది. కానీ దాని నీళ్ళు పైపులెక్కి నగరానికి వెళ్ళాయి. చుట్టుపక్కల ఊళ్ళకి మాత్రం బావే దిక్కు. దాన్నిబట్టే అప్పటి ఇళ్ళు ఎలా కట్టారో అర్థం చేసుకోవచ్చు. ఆ ఇళ్ళల్లో నీళ్ళకి లోపల చోటు లేదు. బావి బయట. స్నానం దొడ్లో, బండ మీద, గోళెం పక్కన. అంట్లు వాకిట్లో. తాగే నీళ్ళు మాత్రమే బిందెల్లో ఇంట్లోకి వచ్చేవి, అవీ నేల మీద కూర్చునేవి, గోడని తాకేవి కావు. ఇంటికి నీళ్ళతో గొడవ ఉందంటే అది పైనుంచి, వానతోనే. దాని కోసమే గూనపెంకులు, ముందుకు సాగిన చూరు, ఎత్తు అరుగు.

మా పెద్దనాయన ఉంటున్న ఇంట్లో ముందు భాగం అలాంటిదే. 1950ల్లో మా తాత కట్టించాడు. రాయీ మట్టీ కలిపి పేర్చిన, మూరకి పైగా మందం ఉన్న గోడలు. వాటి మీద సున్నం గిలాబు. కింద షాబాదు బండలు. పక్కనే షాబాద్ మండలం ఉంది కాబట్టి అవి అక్కడివే అని చాలామంది అనుకుంటారు గానీ, ఆ పేరు గుల్బర్గా వైపున్న షాహాబాద్ నుంచి వచ్చింది. నిజాం రాజ్యంలో అదీ ఒక భాగమే. తెలంగాణలో పాతిళ్ళకీ, బడులకీ, రైల్వే ప్లాట్‌ఫారాలకీ పరిచిన ఆ బూడిదరంగు బండ నిజానికి సున్నపురాయి.

ఈ సున్నపురాయి కథ మన ఇళ్ళ కథే. పలకలుగా చీలిస్తే నేల బండ. బట్టీలో కాల్చి నీళ్ళు పోస్తే సున్నం. ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే రాతి గానుగలో నూరితే డంగు సున్నం. చార్మినార్ నుంచి ఊరి గడీల దాకా అన్నిటినీ నిలబెట్టింది ఇదే. అదే సున్నపురాయిని మట్టితో కలిపి ఇంకా ఎక్కువ వేడిలో కాలిస్తే సిమెంటు. షాహాబాద్‌లోనే 1920ల్లో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. 1936లో పది కంపెనీలు కలిసి ఏసీసీ ఏర్పడినప్పుడు షాహాబాద్ సిమెంటు కూడా అందులో కలిసింది. ఒక్క రాయి, మూడు జన్మలు. మన చాలా ఇళ్ళల్లో ఆ మూడూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. చిక్కు అక్కడే ఉంది.

సున్నం గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లిమెల్లిగా మళ్ళీ రాయవుతుంది. కానీ సన్నటి రంధ్రాలు మిగులుతాయి. గోడలోకి తేమ వెళ్తే ఆ రంధ్రాల గుండా ఎండాకాలంలో బయటికి పోతుంది. పాత గోడ తడవదని కాదు. తడిసి ఆరుతుంది. సిమెంటు గిలాబు దట్టం. దాని వెనక మట్టి గోడ ఉండి, అందులోకి ఏదో దారిన నీళ్ళు చేరితే, బయటికొచ్చే తోవ మూసుకుపోతుంది. నీళ్ళు పైకి పాకుతాయి, పక్కకి పోతాయి, ఉప్పుని మోసుకొచ్చి రంగు కింద తెల్లగా పూయిస్తాయి. ఇంకా ఆగితే మట్టి మెత్తబడుతుంది. పైన బరువు మోస్తున్న గోడలో మట్టి మెత్తబడటం అంటే ఏంటో వానాకాలంలో పాతిళ్ళు కూలిన వార్తలు చదివే మనకి వేరే చెప్పక్కర్లేదు.

మా ఇంటికి రెండో పొర 1980ల చివర్లో వచ్చింది. వెనక పెంకులు తీసేసి స్లాబు వేశారు. కాంక్రీటులో ఇనుము పెట్టే పద్ధతికి 1867లో పేటెంటు తీసుకున్న ఫ్రెంచి తోటమాలి జోసెఫ్ మోనియే దాన్ని మొదట వాడింది మొక్కల తొట్ల కోసం. ఆ తర్వాత పైపులకీ నీళ్ళ తొట్లకీ. నీళ్ళు నిలపడానికి పుట్టిన ఆ కాంక్రీటుకి నీళ్ళే శత్రువు కావడం విచిత్రం. లోపలి ఇనుముకి తేమ తగిలి తుప్పు పడితే, ఆ తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడుతుంది. ‘స్లాబు పెచ్చులూడుతుంది’ అని మనం మామూలుగా అనేది ఈ లోపలి ఒత్తిడి గురించే.

స్లాబుతోపాటు ట్యాంకు వచ్చింది. ట్యాంకుతో నల్లా ఇంట్లోకొచ్చింది. బాత్రూము ఇంట్లోకొచ్చింది. పెద్దమ్మకి ఇది చిన్న విషయం కాదు. తెల్లారకముందే దొడ్లోకి పోయే రోజులు, వానలో తడుస్తూ అంట్లు తోమే రోజులు ఆ ఏడాదితో అయిపోయాయి. పాత ఇళ్ళ గురించి ముచ్చటగా రాసేటప్పుడు ఈ మాట వదిలెయ్యకూడదు. నీళ్ళని బయట ఉంచిన ఇల్లు ఆడవాళ్ళ నడుముల మీద నిలబడింది.

మూడో పొర 2009లో. ఎయిర్‌పోర్టు మొదలైన మరుసటి ఏడాది. అక్కడ పనిచేసే పిల్లలు అద్దెకి గదుల కోసం ఊరంతా తిరుగుతున్నారు. ఊళ్ళో సగం ఇళ్ళ మీద పోర్షన్లు లేచాయి. మా ముందు భాగంలో కూడా పెంకులు దించి, తాత కట్టిన గోడల మీదే పైన రెండు గదులూ ఒక బాత్రూమూ వేశారు. పాత గోడలకి లోపలా బయటా సిమెంటు గిలాబు చేయించారు. పైపులు కనపడితే నామోషీ అనుకునే కాలం కాబట్టి అన్నీ గోడలోకి తోసి టైల్స్ అంటించారు. కింద పాత ఇనుప పైపు, పైన కొత్త ప్లాస్టిక్ పైపు. రెండూ కలిసిన చోట ఒక అతుకు. ఆ అతుకు ఎక్కడుందో ప్లంబర్‌కి తెలుసు. ఆయన తర్వాత ఊరొదిలి వెళ్ళిపోయాడు.

పదేళ్ళు దాటాక నడిమి అర్రలో గోడ మీద మచ్చ కనిపించింది. మొదట రంగు పొంగింది. పుట్టీ పెట్టి రంగేశారు. మళ్ళీ పొంగింది. ఎవరో చెబితే కెమికల్ పూశారు. ఆర్నెల్లు ఆగి మచ్చ పక్క గోడలో తేలింది. ఒకరోజు పండక్కి దుమ్ము దులుపుతూ తాత పటం దించితే, దాని వెనక నాలుగు పలకలా నల్లటి బూజు. అప్పుడు మొదలైంది అసలు చర్చ.

మా అన్న లెక్క సూటిగా ఉంది. “పెద్దనాయనా, ఇంకెన్నిసార్లు పూస్తరు? ఇచ్చేద్దాం. మనకు రెండు ఫ్లాట్లొస్తయ్. మీరు కింద ఫ్లాట్ల ఉండుండ్రి.” తప్పు లెక్క కాదది. 1996 మార్చిలో జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో 84 గ్రామాల మీద నిర్మాణ ఆంక్షలు పెడుతూ 111 జీవో వచ్చింది. శంషాబాద్ మండలంలోని చాలా ఊళ్ళు అందులో ఉన్నాయి. 2022 ఏప్రిల్లో ఆ ఆంక్షలు తీసేస్తూ 69 జీవో ఇచ్చారు. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో కూర్చున్నా మాట తిరిగి తిరిగి నేల దగ్గరికే వస్తుంది.

పెద్దనాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాట అన్నాడు. “మా బాపు కట్టిన గోడ యాభై వానాకాలాలు చూసింది. ఇంట్లకెల్లి వాన పడ్తదని ఆయనకేం ఎర్క?”

ఆయన పిలిపించిన సుతారికి అరవై దాటాయి. గోడని వేళ్ళ కణుపులతో కొట్టుకుంటూ ఆ మూల నుంచి ఈ మూలకి నడిచాడు. “బోలుగ మోగుతుంది అయ్యా. సిమెంటు గిలాబు ఒక్కటే నిలవడ్డది, ఎనక మట్టి తడిసిపోయింది. నీళ్ళు పోదామన్నా తొవ్వ లేదు” అన్నాడు.

ఆయన చేయించిన పరీక్షకి పైసా ఖర్చు కాలేదు. రాత్రి అన్ని నల్లాలూ కట్టేసి, ట్యాంకులో నీళ్ళ మట్టం దగ్గర బొగ్గుతో గీత గీయించాడు. తెల్లారేసరికి మట్టం నాలుగు వేళ్ళు దిగింది. మర్నాడు పైపోర్షన్‌కి వెళ్ళే వాల్వు కట్టేసి మళ్ళీ చూస్తే గీత కదల్లేదు. అంటే పోతున్నది వాడిన నీళ్ళు కావు, పైకి వెళ్ళే నీళ్ళు. వాడినప్పుడు మాత్రమే తడిస్తే అది డ్రైనేజీ. ఎవరూ వాడకపోయినా తడుస్తుంటే అది సప్లై లైను. ఇంత చిన్న తేడా తెలియకే చాలా ఇళ్ళల్లో బాత్రూము మొత్తం పగలగొడతారు. ఇక్కడ ఆరు టైల్సు తీస్తే సరిపోయింది. ఇనుమూ ప్లాస్టిక్కూ కలిసిన అతుకు దగ్గర ఇనుప మర తుప్పు పట్టి తినేసింది. చుక్క చుక్కే. కానీ రాత్రీ పగలూ, ఎన్నాళ్ళ నుంచో.

ఆ తర్వాత ఏం చెయ్యాలో నగరంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల్లో 2013 నుంచి దశాబ్దం పాటు ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి చేసిన మరమ్మతుల్లో ఒక ముఖ్యమైన పని, అంతకుముందు జరిగిన మరమ్మతుల్ని తీసెయ్యడం. ఇరవయ్యో శతాబ్దంలో వానకి కారకూడదని గుమ్మటాల మీదా కప్పుల మీదా పూసిన సిమెంటుని గీకేసి, మళ్ళీ సున్నం వేశారు. 2013 వానల్లో కూలిన అక్కడి పెద్ద బావి గోడని కూడా తిరిగి కట్టారు. ఆ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. సుల్తానుల గుమ్మటానికీ మా అర్రకీ పోలికేంటి అనొచ్చు. పోలిక పదార్థంలో ఉంది. సున్నంతో కట్టినదానికి సిమెంటు కప్పితే రాజైనా రైతైనా గోడకి ఒకే జబ్బు.

కాబట్టి మా ఇంట్లోనూ మొదటి పని వెయ్యడం కాదు, తియ్యడం. పైపు మార్చాక, బరువు పడకుండా జాకీలు పెట్టి, నడిమి గోడకి రెండు వైపులా సిమెంటు గిలాబు ఊడదీశారు. లోపల మట్టి చేత్తో పిసికితే ముద్దయ్యేంత తడి. తర్వాత పని ఆపేశారు. గోడ ఆరాలి. అంగుళం మందానికి సుమారు ఒక నెల అని ఒక మోటు లెక్క ఉంది. అంత కాకపోయినా మొత్తం ఎండాకాలం ఆగారు. నేల బండలకి సుద్దముక్కతో నంబర్లేసి లేపితే, కింద మొరం కూడా చెమ్మగా ఉంది. దాన్నీ తీసి, ఆరబెట్టి, అవే బండలు అదే వరసలో మళ్ళీ పరిచారు. సున్నం పనొచ్చిన ఇంకో ఇద్దర్ని వెతకడానికే మూడు వారాలు పట్టింది. వానలు మొదలయ్యే లోపు పల్చగా రెండు పూతల సున్నం గిలాబు, దాని మీద ప్లాస్టిక్ రంగు కాకుండా వెల్ల.

ఇంటి పొందిక కూడా కొంచెం మారింది. పైబాత్రూముని పాత గోడ మీది నుంచి తీసేసి వెనక స్లాబు వైపుకి జరిపారు. పైపులన్నీ బయటి గోడకి క్లాంపులు వేసి కనపడేలా బిగించారు. “మంచిగ కనిపిస్తలేవు” అని పెద్దమ్మ ఒకటి రెండుసార్లు గొణిగింది. ఇప్పుడు అతుకు దగ్గర చెమ్మ కనిపిస్తే ముందు ఆమే చెప్తుంది.

ఇంతకీ ఏ పైపు ఎక్కడుందో ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తెలియలేదు? ఇంటికి ఫొటో ఆల్బం ఉంది, రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయి, ఎవరి వాటా ఎన్ని గజాలో అందరికీ నోటికొచ్చు. గోడ లోపల ఏముందో రాసిపెట్టిన కాగితం మాత్రం లేదు. ఒక్క మనిషి జ్ఞాపకంలో ఉన్న సమాచారం ఆ మనిషితోపాటు వెళ్ళిపోయింది. తెలుగులో పటం అంటే మ్యాపూ అవుతుంది, చట్రం కట్టిన ఫొటో కూడా అవుతుంది. మా గోడకి రెండో పటం ఉంది, మొదటిది లేదు.

అయితే పటం ఉంటే చాలని కూడా అనలేం. ఎయిర్‌పోర్టుకి కాస్త దూరంలో, బెంగళూరు హైవే పక్కన గగన్‌పహాడ్‌లో అప్పా చెరువు ఉంది. 2020 అక్టోబర్ 13 రాత్రి కుంభవృష్టికి దాని కట్ట తెగింది. నీళ్ళు హైవేని కోసేశాయి. ఇళ్ళ మీద పడ్డాయి. ప్రాణాలు పోయాయి. అది పేరూ హద్దులూ లేని గుంట కాదు, రికార్డుల్లో ఉన్న చెరువు. అయినా దాని కడుపులో షెడ్లు లేచాయి. 2024 ఆగస్టు చివర్లో హైడ్రా వాటిని కూల్చింది. నీళ్ళ తోవ కాగితం మీద ఉంది. కట్టేటప్పుడు ఆ కాగితం ఎవరూ తెరవలేదు. చెరువు విషయంలోనైనా గోడ విషయంలోనైనా నీళ్ళు దారి మర్చిపోవు. మనుషులకి గుర్తు చేయడానికే పటం కావాలి, దాన్ని తీసి చూసే అలవాటూ కావాలి.

అందుకే గోడ తెరిచి ఉన్న ఆ నెలల్లో, మా అన్న కూతురు ఇంజనీరింగ్ డ్రాయింగ్ పుస్తకంలోంచి ఒక షీటు చింపి ఇంటి పటం గీసింది. నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తులో ఏ పైపు, ఏ అతుకు ఏ ఏడాదిది, ఏ గోడ మట్టి, ఏ గోడ ఇటుక, ఏ వాల్వు కడితే ఏ నల్లా ఆగుతుంది. టేపు పక్కన పెట్టి తీసిన ఫొటోలు కూడా అతికించింది. దాన్ని లామినేషన్ చేయించి కరెంటు మీటరు పెట్టెలో పెట్టారు. ప్లంబర్ వస్తే ముందు అది చేతికిస్తారు.

ఇల్లు నిలుస్తుందా అంటే, ఇంకో పదేళ్ళకి ఏమవుతుందో ఎవరూ మాటివ్వలేరు. మా అన్న లెక్క అలాగే ఉంది, గజం ధర పెరుగుతూనే ఉంది. మన్ గీయించిన పటాల్లో కనిపించే ఇళ్ళల్లో కూడా చాలా వరకు ఇప్పుడు లేవు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఇల్లు పోవాల్సి వస్తే అది కుటుంబం కూర్చుని తీసుకున్న నిర్ణయం వల్ల పోవాలి గానీ, కంటికి కనపడని ఒక అతుకు వల్ల, దాని మీద పూసిన నాలుగు పొరల పుట్టీ వల్ల పోకూడదు. మీ ఇంట్లో ఎప్పుడైనా పైపుల కోసం గోడ తెరవాల్సి వస్తే, టైల్సు పెట్టకముందు ఒక పూట పని ఆపించండి. టేపు పెట్టి ఫొటోలు తీసి, ఏ ఏడాదో రాసి, మీటరు పెట్టెలో పెట్టండి.